పెద్దల చోటులో కూర్చున్న పిల్ల

మేరిమ్ ఇచ్చిన వాంగ్మూలంలో ఒక్క వాక్యం దగ్గర స్టేషన్ మొత్తం నవ్వింది. "లోపలికి వెళ్లగానే ఆయన నన్ను తోర్‌లో కూర్చోబెట్టాడు" అని చెప్పిందా పిల్ల. తోర్ అంటే గుమ్మానికి ఎదురుగా, గది కొసన, పెద్దల కోసం పరుపు మీద పరుపు వేసి ఉంచే చోటు. అక్కడ తాతలు కూర్చుంటారు, వియ్యంకులు కూర్చుంటారు, పొరుగూరి నుంచి వచ్చిన పెద్దమనిషి కూర్చుంటాడు. అలాంటి చోట మూడో సంవత్సరం చదివే ఇరవై ఏళ్ల పిల్లని సాక్షాత్తూ డీన్ గారే చెయ్యి చూపించి కూర్చోమన్నాడట. అబద్ధమాడినా అతికినట్టుండాలి కదా అని కానిస్టేబుళ్లు ఒకరి భుజం ఒకరు చరుచుకున్నారు.

ఇన్‌స్పెక్టర్ కుండూజ్ మాత్రం నవ్వలేదు. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆమెకి ఒక సంగతి బాగా ఒంటబట్టింది. అబద్ధమాడేవాళ్లు ఎదుటివాళ్లు నమ్మే మాటనే ఏరుకుంటారు. ఎవరూ నమ్మని మాట పట్టుకుని, ఎంత గద్దించినా, ఎంత బుజ్జగించినా, రెండు రోజులుగా ఈ పిల్ల అందులోంచి ఒక్క అక్షరం కదలలేదు. కన్నీటిచుక్క కూడా రాల్చలేదు. అది కుండూజ్‌కి నిద్ర పట్టనివ్వలేదు.

కేసు చూడటానికి చిన్నదే. బిష్కెక్‌లో పేరున్న విశ్వవిద్యాలయం. డీన్ కుబత్‌బెక్ తల పగిలి, కుట్లు పడి ఆసుపత్రిలో ఉన్నాడు. కొట్టింది తనేనని మేరిమ్ ఒప్పుకుంది. అతిథుల గదికి పిలిచి, మీద చెయ్యి వేశాడని, కెటిల్ అందుకుని కొట్టి బయటపడ్డానని ఆమె మాట. పిల్ల పిలవకుండానే వచ్చిందని, మర్యాదకి టీ ఇస్తే తాగి, మార్కుల దగ్గర గొడవ పెట్టుకుని కొట్టిందని డీన్ మాట. డీన్ మాటకి సాక్షి ఉంది. ముప్పై ఏళ్లుగా అక్కడే పాఠాలు చెబుతున్న జూరా టీచర్. మేరిమ్‌కి సాక్షి లేదు. సాయంత్రానికల్లా ప్రాసిక్యూటర్ ఆఫీసు మేజర్ ఎర్మెక్ హత్యాయత్నం అభియోగం దాఖలు చేస్తాడు. తప్పించుకునే దారి ఒక్కటే మిగిల్చారు. తప్పు నాదేనని రాజీ కాగితం మీద సంతకం పెట్టి, చదువు మానేసి, నారిన్ కొండల్లో ఉన్న ఇంటికి పోవాలి. అలా పోతే డీన్ గురించి ఇక ఈ ఊళ్లో ఎవ్వరూ నోరెత్తరు. ఎర్మెక్ అందుకోసం మేరిమ్ తండ్రిని నిన్న రాత్రే కారు పంపించి మరీ రప్పిస్తున్నాడు.

కుండూజ్ అతిథుల గదికి వెళ్లేసరికి వరండా పొడుగునా అమ్మాయిలు నేల మీద కూర్చుని ఉన్నారు. నినాదాలు లేవు, అట్టముక్కలు లేవు. వాళ్ల సంఘం పేరు 'మేం విన్నాం'. పెట్టింది మేరిమే. ఏ అమ్మాయి ఏ అర్ధరాత్రి వచ్చి చెప్పుకున్నా వినడం, విన్నది ఇంకొకరికి చెప్పకపోవడం, చీకటి పడ్డాక ఒక్కరినీ ఒంటరిగా హాస్టల్‌కి పోనివ్వకపోవడం వాళ్ల పని. పోయినేడు అయ్యవార్ల గదుల తలుపులకి అద్దాలు పెట్టించమని అర్జీ పెట్టుకున్నారు. అద్దాలు రాలేదు గానీ, చలి ఎక్కువగా ఉందని చెప్పి డీన్ గారు ఈ గది తలుపుకి లోపలివైపు మందపాటి ఉన్ని తెర వేయించుకున్నాడు. ఆయనకి చలి అంటే అంత భయం కాబోలు.

లోపల జూరా టీచర్ చేతులు నలుపుకుంటూ నిలబడి ఉంది. కుండూజ్ ఒక మామూలు కెటిల్ నిండా టీ తెప్పించి కింద పెట్టింది.

"ఆ రోజు మీరెక్కడ కూర్చున్నారో అక్కడే కూర్చోండి అక్కా."

జూరా గుమ్మం పక్కన, కెటిల్ దగ్గర కూర్చుంది.

"డీన్ గారు?"

"అక్కడ. తోర్‌లో."

"మరి మేరిమ్?"

"ఇక్కడే, నా ఎదురుగా. గుమ్మం దగ్గర."

"వచ్చీ రాగానే గొడవ పెట్టుకుందా?"

"లేదమ్మా. ఓ పావుగంట బుద్ధిగానే కూర్చుంది. రెండు గిన్నెలు టీ తాగింది. ఆ తర్వాతే మార్కుల మాట ఎత్తింది."

"ఆ రెండు గిన్నెలూ పోసిందెవరు?"

"నేనే. కెటిల్ నా దగ్గరే ఉంది కదా. అందుకే జరిగిందంతా దగ్గర్నుంచి చూశాను." మాట పొల్లుపోకుండా అప్పజెప్పింది. స్టేషన్లో చెప్పింది కూడా అచ్చం ఇదే.

కుండూజ్ తల ఊపి తలుపు తీసింది. "మీలో ఒకరు రండమ్మా."

అడినాయ్ అనే పొడుగాటి పిల్ల లేచింది. మేరిమ్ గదిలోనే ఉంటుంది హాస్టల్లో. జూరా టీచర్ని చూసిన చూపుకి గోడ సున్నం రాలాలి.

"నువ్వు మేరిమ్ అనుకో. ఇక్కడ కూర్చో. టీచర్ నీకు టీ పోస్తారు. నువ్వేం మాట్లాడక్కర్లేదు."

అడినాయ్ బూట్లు విప్పి వచ్చి కూర్చుంది. జూరా కెటిల్ ఎత్తింది. గిన్నెలో ఒక్క చుక్క పడకముందే ఆ పిల్ల రెండు చేతులూ ముందుకొచ్చాయి.

"మీరు పోయడమేంటి టీచర్, ఇటివ్వండి" అంటూ కెటిల్ అందుకుంది. పెద్దలుండగా టీ పోసేది చిన్నవాళ్లే. అంత కోపంలోనూ చేతులు ఆగలేదు. జూరా కూడా అంతే మామూలుగా కెటిల్ ఇచ్చేసి, ఒక పరుపు పైకి జరిగి కూర్చుంది. జరిగాక గాని ఏం చేసిందో తెలిసిరాలేదు.

కుండూజ్ గొంతు పెంచలేదు. "యాభై ఆరేళ్ల పంతులమ్మ గుమ్మం దగ్గర కూర్చుని, ఇరవై ఏళ్ల పిల్లకి రెండుసార్లు టీ పోసిందా అక్కా? అదీ గొర్రెల కాపరి ఇంట పుట్టి, ఊహ తెలిసినప్పటి నుంచీ కెటిల్ పట్టిన పిల్లకి?"

అప్పుడే తెర తొలగించుకుని మేజర్ ఎర్మెక్ లోపలికొచ్చాడు. నున్నగా గీసిన గడ్డం, ఇస్త్రీ నలగని కోటు. ఇద్దరూ ఒకే ఏడు ఉద్యోగంలో చేరారు. అతను పైకి పోయాడు, ఆమె ఉన్నచోటే ఉంది. ఆ ముక్క కనీసం నెలకోసారైనా గుర్తు చెయ్యకపోతే అతనికి తోచదు.

"ఏంటి చెల్లెమ్మా, నాటకాలాడిస్తున్నావా? టికెట్టు ఎంత?"

"మీకు ఊరికే మేజర్ గారూ. కూర్చోండి."

"ఈ కాలం పిల్లలకి మర్యాదలెక్కడివి. కెటిల్ అందుకోవడం మర్చిపోయి ఉంటుంది. దీన్ని పట్టుకుని కోర్టుకెళ్తావా, టీ ఎవరు పోశారని?"

"వెళ్లను. ఆ రోజు గది మీ వాళ్లే కదా వెతికారు. ఎక్కడెక్కడ వెతికారు?"

"గుమ్మం దగ్గర, కెటిల్ పడ్డచోట, రక్తం పడ్డచోట. అంగుళం వదల్లేదు."

"తోర్‌లో?"

ఎర్మెక్ నవ్వాడు. "అక్కడెందుకు వెతుకుతారు? స్టూడెంటు పిల్ల తోర్‌లో ఎందుకు కూర్చుంటుంది?"

"అవును. ఎందుకు కూర్చుంటుంది" అంది కుండూజ్.

ఫొటోలు తీసే కుర్రాణ్ణి పిలిచి, చేతులకి తొడుగులు వేసుకుని, గది కొసకి వెళ్లింది. దర్జా అయిన పట్టు పరుపులు. ఒక్కొక్కటే ఎత్తి పక్కన పెట్టింది. అడుగున ఎర్ర మేకకొమ్ముల ముగ్గు కుట్టిన ఉన్ని తివాచీ. దాని అంచుకీ గోడకీ మధ్య వేలు పట్టేంత సందు. అందులో ఆకుపచ్చ గుండీ ఒకటి, దాన్ని పట్టుకుని చిరిగిన గుడ్డముక్క. మేరిమ్ కోటుకి పైనుంచి రెండో గుండీ లేదని, దాని చోట చిరుగు ఉందని స్టేషన్‌కి ఆమెని తీసుకొచ్చిన రోజే కుండూజ్ చూసింది.

కెమెరా క్లిక్కుమన్నాక ఆమె లేచి, గోడకి వీపు ఆనించి, సరిగ్గా ఆ చోట కూర్చుంది. వెనక గోడ. ముందు బల్ల. బల్లకి అవతల ఇంకో మనిషి కూర్చుంటే, ఇక తలుపు కనపడనైనా కనపడదు. లేచి వెళ్లిపోతానంటే పెద్దాయన చేసిన గౌరవాన్ని కాలదన్నినట్టు. మంచి ఇంట్లో పుట్టిన పిల్ల ఏది చేసినా అది మాత్రం చెయ్యదు. కుండూజ్ తాత కూర్చున్న చోటు, తన పెళ్లినాడు మామగారు కూర్చున్న చోటు, ఇన్నాళ్లూ దండం పెట్టిన చోటు ఇది. ఈ చోటుని బోనుగా వాడుకోవచ్చని ఒక మనిషికి తట్టింది.

"మీ వాళ్ల తప్పు కాదులెండి మేజర్ గారూ. మనలో ఎవరైనా ఇక్కడ వెతకరు. ఆయన లెక్క కూడా అదే. బయటికొచ్చి ఏ పిల్ల చెప్పినా జనం నవ్వుతారు. మా స్టేషన్లో నవ్వలేదూ?"

ఎర్మెక్ జవాబు చెప్పేలోగా గుమ్మం దగ్గర్నుంచి జూరా గొంతు వినపడింది. నూతిలోంచి వస్తున్నట్టుంది.

"నేను గదిలో లేను."

ఎర్మెక్ అటు తిరిగాడు.

"ఎదురుగదిలో ఉన్నాను. పేపర్లు దిద్దుకుంటున్నాను. పిల్ల గొంతు వినపడింది." ఆమె అడినాయ్ వైపు చూడలేక కెటిల్ వైపు చూసింది. "రేడియో సౌండు పెంచాను. మర్నాడు డీన్ గారి మనిషొచ్చి, నువ్వు లోపలున్నావు, టీ పోశావు, అని చెప్పాడు. సరే అన్నాను."

కెటిల్ ఇంకా అడినాయ్ చేతిలోనే ఉంది. జూరా ముందున్న గిన్నెలో మర్యాదగా సగం టీ పోసి ముందుకి జరిపింది. కుండూజ్ ఆశ్చర్యంగా చూస్తూ ఉండిపోయింది. తానైతే ఆ కెటిల్ విసిరి ఉండేది.

ఎర్మెక్ తొందరగా తేరుకున్నాడు. అది అతని గొప్ప.

"బాగుంది. సాక్షి పోయింది, గుండీ దొరికింది. దాంతో ఏమైంది? స్టూడెంటుకి గౌరవం ఇచ్చాడంటే నేరమా? ఒక పిల్ల మాట, ఒక పెద్దమనిషి మాట. అంతే మిగిలింది. ఇంకొకరు చెప్పాలి కుండూజ్. ఇలాగే నన్నూ పిలిచాడు, ఇక్కడే కూర్చోబెట్టాడు అని ఇంకొకరు. ఉన్నారా?"

కుండూజ్ తోర్‌లోంచి లేచి వచ్చి అడినాయ్ ఎదురుగా కూర్చుంది. "మీరు ఏడాది నుంచీ వింటున్నారు కదమ్మా."

"విన్నాం అక్కా."

"పేర్లు చెప్పగలవా?"

"చెప్పను." ఆ పిల్ల తల దించుకోలేదు. "ఎవరికీ చెప్పబోమని మాటిచ్చాం. మేరిమ్ లాకప్‌లో కూర్చుని కూడా చెప్పలేదు. చెప్తే తనకి మంచిదని తెలుసు. అయినా చెప్పలేదు. నేనెలా చెప్తాను?"

"విన్నావుగా" అన్నాడు ఎర్మెక్. "ఇంకో సంగతి. తండ్రి వచ్చేశాడు. కింద నా కారులో ఉన్నాడు. పాపం నిన్నటి నుంచీ తిండి కూడా తినలేదట. కాగితం చదివి వినిపించాను. పిల్ల జైలుకి పోకుండా ఉంటే చాలు బాబూ అన్నాడు. సంతకం పెట్టేముందు ఆ గది ఒక్కసారి చూస్తానన్నాడు. తండ్రి పెట్టమంటే కూతురు పెట్టదా? నాలుగింటికల్లా నీ గుండీ నువ్వు దాచుకోవచ్చు."

అతను చెప్పింది నిజమేనని కుండూజ్‌కి తెలుసు. మేరిమ్‌కి నాన్న అంటే ప్రాణం. ఎవరికీ లొంగని ఆ పిల్ల, ఆయన తల దించుకుని నిలబడితే లొంగుతుంది.

అడినాయ్ లేచి వరండాలోకి వెళ్లింది. తలుపు, తెర రెండూ తెరిచే ఉన్నాయి. బయట కూర్చున్నవాళ్లతో ఆమె అన్నది రెండే మాటలు, అదీ మెల్లిగా.

"మేరిమ్‌ని తోర్‌లో కూర్చోబెట్టాడు. ఈ అక్క నమ్మింది."

అంతే అంది. ఎవర్నీ రమ్మనలేదు, ఎవరి వైపూ చూడలేదు. కిటికీ దగ్గరికెళ్లి నిలబడిపోయింది.

గోడ వారన కూర్చున్న ఒక అమ్మాయి, గుండ్రటి మొహం, తలకి ఊదారంగు గుడ్డ, లేచింది. పక్కనున్న స్నేహితురాలు చెయ్యి పట్టుకుని ఆపబోయింది. ఆమె ఆ చెయ్యి మెల్లగా విడిపించుకుని గుమ్మం దాకా వచ్చింది. బూట్లు విప్పింది. కుండూజ్‌ని గాని, మేజర్ని గాని చూడకుండా గది మధ్యనుంచి నడిచి, బల్ల చుట్టూ తిరిగి, తోర్‌కి వెళ్లి, గోడకి ఆనుకుని కూర్చుంది. చేతులు ఒళ్లో పెట్టుకుంది.

ఎర్మెక్ నోరు తెరిచాడు. కుండూజ్ చెయ్యెత్తి ఆపింది.

ఇంకొకతె వచ్చింది. కళ్లద్దాలు, సన్నటి జడ. ఆ వెనక ఇద్దరు కలిసి వచ్చారు. గుమ్మం దగ్గర ఒకరినొకరు చూసుకుని నువ్వూనా అన్నట్టు ఆగిపోయారు. వాళ్లిద్దరూ ఒకే గదిలో ఉంటున్నారని, ఒకరికొకరు చెప్పుకోలేదని కుండూజ్‌కి తర్వాతెప్పుడో తెలిసింది. ఈ ఏడే చేరిన పసిమొహం పిల్ల ఒకతె. చదువైపోయి అక్కడే పాఠాలు చెబుతున్న చిన్న టీచరమ్మ ఒకావిడ, పెళ్లయినావిడ, చేతికి ఉంగరం కూడా ఉంది. ఆవిణ్ణి చూసి జూరా మొహం కప్పుకుంది. చివరికి కిటికీ దగ్గర్నుంచి అడినాయ్ కూడా కదిలింది. అంతమంది మాటలు విని దాచిన పిల్ల, తన మాట మాత్రం ఎవరికీ చెప్పుకోలేదన్నమాట.

గుమ్మం బయట బూట్ల వరుస పెరిగింది. లోపల తోర్ నిండిపోయింది. భుజాలు ఆనించుకుని, సర్దుకుని కూర్చున్నారు. మధ్యలో, గుండీ దొరికిన చోట మాత్రం, ఒక మనిషి పట్టేంత జాగా వదిలేశారు. వదలమని వాళ్లకెవరూ చెప్పలేదు.

కుండూజ్ కళ్లు చెమర్చాయి. శవాల్ని చూసిన కళ్లు, దొంగల్నీ హంతకుల్నీ చూసిన కళ్లు. పేరు పోతుందని, రేపు సంబంధం రాదని, అన్నలు చంపుతారని, ఇంట్లోవాళ్లు చదువు మాన్పిస్తారని ఆ పిల్లలందరికీ తెలుసు. తెలిసే వచ్చి కూర్చున్నారు. తన ఉద్యోగంలో ఇంత ధైర్యం ఒక్కచోట ఆమె ఎన్నడూ చూడలేదు. లేచి నిలబడి టోపీ తీసింది. ఎందుకు తీసిందో అడిగితే చెప్పలేకపోయేది.

"వీళ్లందరూ వాంగ్మూలం ఇస్తారా?" అన్నాడు ఎర్మెక్. గొంతులో ఇస్త్రీ నలిగింది.

"ఇస్తాం" అంది ఊదారంగు గుడ్డ పిల్ల. అప్పటికి ఆమె మాట్లాడిన మొదటి మాట అదే.

"ఆయన వెనక ఎవరెవరున్నారో తెలుసా మీకు?"

"మా వెనక కూడా ఉన్నారు సార్. ఇంకా వరండాలోనే ఉన్నారు. ఇక్కడ చోటు చాలక."

మెట్ల మీద అడుగుల చప్పుడయింది. కానిస్టేబుల్ వెంట ఒక ముసలాయన వచ్చాడు. ఎండకీ మంచుకీ కమిలిన మొహం, తల మీద తెల్ల ఉన్ని కల్పాక్ టోపీ, చేతిలో మడతపెట్టిన రాజీ కాగితం. మేరిమ్ తండ్రి తురార్. గుమ్మం దగ్గర ఆ బూట్ల వరుస చూసి ఆగాడు. తర్వాత తల ఎత్తి లోపలికి చూశాడు. పెద్దాయన్ని చూడగానే అమ్మాయిలందరూ గబుక్కున లేవబోయారు.

"లేవకండి తల్లీ. కూర్చోండి."

ఎవరూ ఆయనకేమీ చెప్పలేదు. వాళ్ల మొహాలు ఒక్కొక్కటే చూశాడు. మధ్యలో వదిలిన జాగా చూశాడు. అక్కడ చాలాసేపు ఆగింది ఆయన చూపు.

"నా బిడ్డ అక్కడేనా?" అన్నాడు కుండూజ్‌తో.

"అక్కడే పెద్దాయనా."

"నిజమే చెప్పిందన్నమాట. నేను ఫోన్లో, అలాంటి మాట ఎవరు నమ్ముతారే అన్నాను."

ఆ తర్వాత బూట్లు విప్పి లోపలికొచ్చాడు. ఎర్మెక్ ఎదురెళ్లి చెయ్యి పట్టుకోబోయాడు. "పెద్దాయనా, ఇటు రండి, కుర్చీ వేయిస్తాను, పైన కూర్చోండి."

"పైన నా కూతుళ్లు కూర్చున్నారు నాయనా."

అని, ఆ అరవై ఏళ్ల మనిషి గుమ్మం పక్కన, కొత్తకోడలు కూర్చునే చోట, చల్లగాలి కొట్టే చోట కూర్చున్నాడు. రాజీ కాగితం కింద పెట్టి, తడి కెటిల్ దాని మీద పెట్టుకున్నాడు. గిన్నె తీసుకుని, అతిథికి పోసినట్టు సగానికి టీ పోసి, కుడిచేతికి ఎడమచెయ్యి ఆనించి పైకి అందించాడు. అది చేతులు మారుతూ ఊదారంగు గుడ్డ పిల్ల దాకా వెళ్లింది. ఆ పిల్ల అందుకుంది గాని తాగలేకపోయింది. ఆయన రెండో గిన్నె అందుకున్నాడు.

ఎర్మెక్ ఫోను తీసి వరండాలోకి పోయాడు. ఎవరితో ఏం మాట్లాడతాడో అతనికే తెలియాలి. కుండూజ్ కూడా బయటికొచ్చి స్టేషన్‌కి ఫోన్ చేసింది. మేరిమ్‌ని పిలిచి ఫోను ఆమె చేతికిమ్మంది.

"అక్కా, నాన్న వచ్చాడట కదా." పిల్ల గొంతు ఎప్పట్లాగే గట్టిగా ఉంది. "సంతకం పెట్టేశాడా?"

"లేదు."

"మరేం చేస్తున్నాడు?"

కుండూజ్ తలుపులోంచి లోపలికి చూసింది. "టీ పోస్తున్నాడు."

"ఎవరికి?"

"మీ స్నేహితురాళ్లకి. వాళ్లందరూ తోర్‌లో కూర్చున్నారు. మీ నాన్న గుమ్మం దగ్గర కూర్చుని పోస్తున్నాడు."

పట్టుబడ్డ రోజు నుంచి కంటతడి పెట్టని మేరిమ్ ఏడవడం వినపడింది. కుండూజ్ ఫోను పెట్టెయ్యకుండా, ఆ పిల్ల తేరుకునేదాకా అలాగే చెవి దగ్గర పట్టుకుని నిలబడింది.